ఆడుకుంటున్నాడుగా

మా డాక్టరమ్మ నవ్వు పిల్లలకి తెలుసు, కోపం మా వార్డు నర్సులందరికీ తెలుసు. ఆమె పగని దగ్గరగా చూసింది మాత్రం నేనే.

మా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమందిది సికిల్ సెల్ జబ్బు. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవలిలా వంగి రక్తనాళాల్లో అడ్డం పడతాయి. అప్పుడు ఎముకల్లో లేచే నొప్పికి పెద్దవాళ్లయితే ఆసుపత్రి పైకప్పు లేచిపోయేలా అరుస్తారు. చిన్నప్పటి నుంచీ దానితో కాపురం చేస్తున్న ఈ పిల్లలు అరవరు. ఏ బొమ్మలోనో ఫోనులోనో తల దూర్చి, ఒళ్లు కదలకుండా కూర్చుంటారు. అందుకే నొప్పి అన్న బిడ్డకి ముందు మందు, తర్వాతే మిగతా తతంగమని డాక్టరమ్మ పట్టు. కొత్త డాక్టరెవరైనా "ఆడుకుంటున్నాడుగా మేడం" అన్నాడంటే వాడికి ఆ పూట మూడినట్టే.

ఆ మాటంటే అంత మంటెందుకని ఒకసారి టీ తాగుతూ అడిగాను. ఆమెకో తమ్ముడుండేవాడట, ఇదే జబ్బు. నొప్పొస్తే ఆసుపత్రిలో చేర్చారు. వాడు మంచం మీద బొమ్మకారు తోసుకుంటుంటే, అక్కడి డాక్టరు చూసి, ఆడుకుంటున్నాడుగా, నొప్పి లేదూ పాడూ లేదు, మీరే వాణ్ణి గారం చేసి చెడగొడుతున్నారు అని తల్లిని కసిరాడట. ఆవిడ ఆయన గది గుమ్మంలో నిలబడి పొద్దుటి నుంచీ బతిమాలుతూనే ఉందట. సాయంత్రానికి జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకి పిల్లాడు పోయాడు. ఆ డాక్టరు పేరు, ముఖం, ఎప్పుడు రిటైరయ్యాడో కూడా తనకి తెలుసని చెప్పి కప్పు కడుక్కుని వెళ్లిపోయింది.

ఆ డాక్టరే ఒక పొద్దున మనవరాలిని ఎత్తుకుని మా ఓపీకి వచ్చాడు. పాప బెంచీ మీద ఫోనులో ఆట ఆడుతోంది. కుర్ర డాక్టరొకడు చూసి, కాసేపు ఆగమని దాటిపోబోయాడు. ముసలాయన వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆడుతోందని చూడకు బాబూ. నొప్పొస్తేనే ఇది ఇలా ఆడుతుంది."

వెనకే డాక్టరమ్మ. ఆమె ముఖం చూడగానే ఈయనెవరో నాకు అర్థమైంది. బిడ్డ మీద తీర్చుకుంటుందేమోనని ఒక్క క్షణం భయపడ్డాను, అబద్ధమెందుకు. ఆమె మాత్రం పాప పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఎక్కడమ్మా అని అడిగి, సూది తనే వేసింది. కాసేపటికి పాప చేతిలోంచి ఫోను జారింది, నిద్రపోయింది.

అప్పుడు ముసలాయన వైపు తిరిగి తన తమ్ముడి సంగతి చెప్పింది, బొమ్మకారుతో సహా. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గుర్తు లేదమ్మా. రోజూ ఎంతోమందిని చూసేవాణ్ణి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె గొంతు మాత్రం పెంచలేదు.

"గుర్తు లేకపోతే నా దగ్గర నేర్చుకోండి. మా కొత్త డాక్టర్లకి మీ నోటితో చెప్పాలి. రాకపోయినా పాప వైద్యానికి ఏ లోటూ ఉండదు."

ఆయన వచ్చాడు. కుర్ర డాక్టర్ల ముందు నిలబడి, తనన్న మాటా, సాయంత్రానికి పిల్లాడు పోవడమూ పాఠంలా అప్పజెప్పాడు. బయటికొచ్చాక, ఇప్పటికైనా క్షమించావా అమ్మా అని అడిగాడు. లేదు, వచ్చే ఏడు కొత్తవాళ్లొస్తారు, మీరూ రండి అంది.

ఏటా వస్తున్నాడు. పాప ఇప్పుడు బడికి పోతోంది. ఈసారి ఆయన మోకాళ్లు వణుకుతుంటే మనసాగక నేనే కుర్చీ తెచ్చి వేశాను. డాక్టరమ్మ దాన్ని తీసి గోడవారగా పెట్టింది.

"వద్దు. ఆ రోజు మా అమ్మ నిలబడే ఉంది."