పచ్చగుడ్డల మడి

ఆ మాట మా అమ్మకు అందించింది నేనే. ఇంకెవరైనా చెప్పి ఉంటే వాళ్ల మీద కోపం తెచ్చుకుని నేను హాయిగా ఉండేదాన్ని.

చిక్కబళ్లాపురంలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటరు నర్సుని. మాది మిట్టేమరి దగ్గర పల్లె. ఇంటి ముందు చిల్లర అంగడి, ఊరి వెనక కొంచెం పొలం, ఆ రెండింటికంటే పెద్దదిగా మా అమ్మ మడి. పొద్దున్నే తలకు పోసుకుని మడిచీర కట్టుకుందంటే వంట ముగిసేదాకా ఎవరినీ తాకదు. ఆ చీర దండెం మీద ఆరుతుంటే పిల్లలు దాని పక్కగా పరుగెత్తినా కేకేస్తుంది. నేను సెలవుకు ఇంటికి పోతే పెరటి వాకిలి నుంచే రావాలి. రోగులనూ నెత్తురునూ ముట్టుకున్న చేతులు కదా, బట్టలతో సహా నీళ్లు పోసుకుంటే తప్ప వంటింటి గడప దాటనివ్వదు. నెలనెలా జీతం తెచ్చే కూతుర్ని, పక్కింటివాళ్లు గోడ మీదుగా చూస్తుంటే తడిసిన కోడిపిల్లలా నిలబడి వణికేదాన్ని. సణుక్కుంటూనే పోసుకునేదాన్ని. సణగడం వేరు, మానడం వేరు.

అమ్మకు పిత్తాశయంలో రాళ్లని తేలింది. నొప్పి వచ్చినప్పుడల్లా వాము నమిలి, సోడా తాగి, గోడకు ఒరిగి కూర్చునేది. ఇంకా ఆలస్యం చేస్తే లోపల చీము పట్టి ప్రాణం మీదికి వస్తుందని మా సర్జన్ నాతో గట్టిగా చెప్పారు. అమ్మ మాత్రం రానంటే రానంది. కోతకు భయపడి కాదు. ఆసుపత్రి బట్టలంటే ఆమెకు రోత.

“ఎవురెవురు కట్టి ఇడిసిన గుడ్డలో! అవి కట్టుకోని పడుకోవాల్నా? నేను రాను పో.”

నచ్చజెప్పాను, ఏడ్చాను, చివరికి విసుగొచ్చింది. అప్పుడు నోట్లోంచి వచ్చింది ఆ మాట.

“అమ్మా, మా థియేటరు గూడా మడే. మోచేతులదాకా కడుక్కుంటాము. ఆమీట ఎవురినీ ముట్టుకోము. బయట గుడ్డ లోపలికి రానీము.”

“నువ్వు గూడానా?”

“నేను గూడా.”

అమ్మ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇన్నేళ్లలో నా ఉద్యోగం ఆమె కంటికి మర్యాదగా కనిపించడం అదే మొదలు. “ముందే చెప్పుంటే ఏమి? అట్లయితే వస్తా. నువ్వు లోపలే ఉండాల మళ్లా” అంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. సర్జన్‌కు చెబితే ఆయనా నవ్వి, ఇకమీద అందరికీ ఇలాగే చెప్పమన్నారు.

మా థియేటరు గుడ్డల పనంతా ఒక అక్క చూస్తుంది. గౌన్లు, టవళ్లు, రోగి మీద కప్పే దుప్పట్లు అన్నీ పచ్చరంగువే. అవి ఉతికించి, ఆరవేసి, మడతలు పెట్టి, మూటలు కట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి తీసేది ఆమె. పరగోడు వైపు మనిషి. వయసులో పెద్దది, నన్ను పాపా అంటుంది. ఆమె జోకులకు థియేటరులో మత్తు డాక్టరుతో సహా అందరూ నవ్వుతారు.

ఆపరేషన్ రోజు పొద్దున అమ్మ ఆసుపత్రి గౌను తొడుక్కుని థియేటరు తలుపు పక్కన బెంచీ మీద కూర్చుంది. ఆ మాత్రానికే నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. ఒడిలో మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న రాగి చెంబు, దాని నిండా మా బావి నీళ్లు. తాగకూడదమ్మా అంటే, తాగను, ఊరికే ఉండనీ అంది. అక్క మూటల బండి తోసుకుంటూ వచ్చి, బెంచీ దగ్గర ఆగి పలకరించింది. లోపల సామాను సర్దుతున్న నాకు వాళ్ల మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఏ ఊరమ్మా అని అడిగింది అమ్మ. తర్వాత ఏ పక్క ఇల్లు అని. తర్వాత, మీ పెద్దలు ఎవరింట్లో పని చేసేవాళ్లు అని. మా వైపు కులం అడగడానికి కులమనే మాట అక్కర్లేదు. అక్క దాచుకోకుండా అన్నిటికీ జవాబు చెప్పింది. ఇంతలో వార్డులోంచి ఎవరో పిలిస్తే బండి అక్కడే వదిలి పోయింది.

మూటలు తీసుకుందామని నేను తలుపు తెరిచేసరికి చెంబు ఖాళీ. మూటలన్నీ తడిసి, బండి అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

మా దగ్గర తడి అంటే చెడిపోయినట్టే. యంత్రంలోంచి వచ్చిన మూట చేతికి చెమ్మగా తగిలినా దాన్ని వాడము. తడి గుడ్డ గుండా క్రిములు సులువుగా లోపలికి దిగుతాయి, అక్కడినుంచి కోసిన కడుపులోకి పోతాయి. మా అమ్మకేమో నీళ్లు పడితేనే ఏ వస్తువైనా మడి. కట్టెలు, కూరగాయలు, అంగడి నుంచి వచ్చిన బెల్లం, అన్నిటి మీదా చల్లేది. నేను థియేటరును మడి అన్నప్పుడు ఈ నీళ్ల సంగతి నాకు తట్టనే లేదు. నీళ్లు ఎవరు ముట్టిన తర్వాత చల్లుతారన్నది అసలే తట్టలేదు.

అక్క తిరిగొచ్చి బండిని చూసింది. “అయ్యో, నీళ్లేంటికి పోసినావమ్మా?” అంది.

“ఏమీ లేదమ్మా, నువ్వు ముట్టినావు గదా, దానికి చల్లినా” అంది అమ్మ. గొంతులో కోపం లేదు, వెక్కిరింత లేదు. పొరుగింటామెకు పచ్చడి పెట్టే తీరు చెబుతున్నంత నెమ్మదిగా చెప్పింది. “లోపలంతా మడి అంట గదా. మా పాప చెప్పింది.”

అక్క నావైపు తిరిగింది. నా మొహానికి మాస్కు ఉంది. అది క్రిములను ఆపుతుందేమోగానీ సిగ్గును ఆపదు.

అప్పుడే సర్జన్ బయటికొచ్చారు. మధ్యాహ్నం చింతామణిలో ఇంకో ఆపరేషన్ ఉంది ఆయనకు. తడిసిన మూటలు చూడగానే అక్క మీద పడ్డారు, బండి వదిలి ఎక్కడికి పోయావని. “మా అమ్మే పోసింది సార్” అన్నాను. ఎందుకని అడిగారు. “తెలీక” అన్నాను. ఆ మాటకు అక్క తల పక్కకు తిప్పుకుంది. మా అమ్మ తెలీక చేసిన పని కాదది. అడిగి, అన్నీ తెలుసుకుని చేసింది. అది నాకూ తెలుసు, అక్కకూ తెలుసు.

రెండో జత గుడ్డలు యంత్రంలో పెట్టి వచ్చేదాకా ఆగుదామన్నారు సర్జన్, ఇవాళ కాకపోతే వచ్చే వారమే అని కూడా అన్నారు. వచ్చే వారమంటే అమ్మ రాదు. ఇప్పటికే ఊరికి పోయే బాగేపల్లి బస్సు ఎన్నింటికని బెంచీ మీంచే వచ్చేపోయేవాళ్లను విచారిస్తోంది. పక్కన కూర్చోబెట్టి, నువ్వు చేసింది తప్పమ్మా, ఆ అక్క చేతి గుడ్డలు తొడుక్కునే మేము రోజూ పని చేస్తున్నాము అని చెప్పాలి. చెబితే లేచి పోతుంది, ఆ నొప్పితోనే పోతుంది.

కొత్త మూటలు వచ్చాయి. బండి తోసుకొచ్చింది అక్కే, ఇంకెవరున్నారు? అమ్మ నా చేయి పట్టుకుని గొంతు తగ్గించింది. “మళ్లా ఆయమ్మే ముట్టిందా?”

“లేదమ్మా. నేరుగా మిషన్లో నుంచి వస్తాయి. ఎవురూ ముట్టరు.”

అమ్మ గొంతు తగ్గించింది గానీ నేను తగ్గించలేదు. అక్క బండి ఆపకుండా లోపలికి పోయింది.

ఆ తర్వాత అంతా మామూలుగానే సాగింది. అమ్మను బల్ల మీదికి ఎక్కించారు. నేను చేతులు కడుక్కుని, తడి తుడుచుకుని, పచ్చగౌను తొడుక్కున్నాను. ఆ గౌను తాళ్లు వీపు వెనక ఉంటాయి. కడుక్కున్న చేతులతో మేము వెనక్కి తాకకూడదు కాబట్టి వేరే మనిషి కట్టాలి. నాకు ఎప్పుడూ అక్కే కడుతుంది. పిలవక ముందే వచ్చి, ఏదో ఒకటి అని నవ్విస్తూ బిగించి పోతుంది. ఆ రోజూ వచ్చింది. వచ్చి నా వెనక నిలబడింది.

“కట్టొచ్చునా, సిస్టర్?”

నేను వెంటనే కట్టు అనలేదు. ముందు బల్లవైపు చూశాను, అమ్మ కళ్లు మూసుకుందో లేదో అని. మూసుకుని ఉంది. అప్పుడు “కట్టక్కా” అన్నాను.

నేనెందుకు అటు చూశానో అక్కకు అర్థమైంది. తాళ్లు బిగించి పోయింది.