శొంఠి వేసిన నీళ్లు

అంటురోగం వస్తే బజార్లు ఎట్లా పడిపోతాయో చాలా పుస్తకాల్లో చదివాను. నా చదువు బడి ఇచ్చింది కాదు. గ్రంథాలయం బల్లల దగ్గర సాయంత్రాలు కూర్చుని సంపాదించుకున్నది. అయితే పడిపోయిన బేరం మళ్లీ ఎట్లా లేస్తుందో ఆ పుస్తకాల్లో నాకు దొరకలేదు. మా మేనత్త పొయ్యి దగ్గర చూశాను. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

నలభైల మొదట్లో, బస్సులు ఇంకా కొండెక్కని రోజులవి. భర్త పోయిన మా అత్త అలిపిరిలో మజ్జిగ అమ్మేది. నేను తిరుపతిలో కిరాణా కొట్లో పనిచేస్తూ ఆమె ఇంట్లోనే ఉండేవాణ్ణి. ఆ ఎండాకాలం కలరా వచ్చింది. యాత్రికులు పలచబడ్డారు. హెల్తు ఇన్‌స్పెక్టరు వచ్చి మజ్జిగా, కోసిన పండ్లూ అమ్మకూడదన్నాడు.

"కాంచిన నీళ్లు అమ్ముకోమ్మా."

"నీళ్లు ఎవురు కొంటారు సామీ?"

కొట్టు మూస్తే కార్వేటినగరంలో మా నాయన ఇంటికి తిరిగిపోవాలి. అన్న పెట్టే కూటికి ఎదురుచూడటం ఆమెకు చావుతో సమానం. మరునాడే పొయ్యి రాజేసింది. పక్కన బొరుగులమ్మే ఆయన కట్టెలు అప్పిచ్చి నవ్వాడు.

"ఏమక్కా, రేపు నిప్పుగూడా పొట్లం కట్టిస్తావా?"

ఆ నవ్వు కంటే పెద్ద చిక్కు ఇంకొకటి వచ్చింది. కొండెక్కేవాళ్లలో చాలామంది ఒక్కపొద్దు ఉంటారు. దర్శనమయ్యేదాకా వండినది ముట్టరు. ఒక ముసలమ్మ చెంబు చూసి వెనక్కి జరిగింది.

"పొయ్యిమీదికెక్కినాక అది వంటే గదా తల్లీ! పచ్చినీళ్లుంటే ఇయ్యి."

ఆమె వెంట గుంపంతా నీళ్ల గుంట వైపు నడిచింది. ఆ రోజు కాచిన నీళ్లన్నీ అట్లాగే మిగిలిపోయాయి.

తెల్లారి అత్త నీళ్లలో శొంఠి దంచి వేసింది. ఒక్కపొద్దున్న పెద్దాయన ఒకరు కూడా అదే మాట అనబోయాడు.

"ఇది వంట కాదు పెద్దాయనా, కషాయం. మందు తాగితే ఒక్కపొద్దు సెడతాదా?"

ఆయన చెయ్యి చాచాడు. "సెడదులే. ఏదీ, ఇట్లియ్యి." తాగి, మూతి తుడుచుకుని, వెనకాల వాళ్లనూ పిలిచాడు.

సంగతి తెలిసి ఇన్‌స్పెక్టరు రోజూ వచ్చి, అందరూ చూస్తుండగా ఒక గ్లాసు తాగిపోయేవాడు. బొరుగులాయన కూడా పొయ్యి పెట్టాడు. "అక్కా, రోంత శొంఠి ఇయ్యి" అని అడిగినప్పుడు అత్త, "నిప్పు వద్దా అబ్బా?" అంది. వానలు పడేనాటికి రోగం తగ్గింది, జనం పెరిగారు, డోలీ మోసేవాళ్లకు మళ్లీ పని దొరికింది. మజ్జిగ అమ్మవచ్చని చెప్పినా అత్త పొయ్యి ఆర్పలేదు.

చదువెంతో అడగకుండా పుస్తకాలిచ్చిన గ్రంథాలయం పెద్దాయనకు, మజ్జిగ వద్దన్నా కాచిన నీళ్ల దారి చూపిన ఇన్‌స్పెక్టరుకు, ఎగతాళి చేసినా కట్టెలు అప్పిచ్చిన బొరుగులాయనకు, మొదటి గుటక తాగిన యాత్రికుడికి నా నమస్కారాలు. అత్తకు వేరే చెప్పాలి. ఆమె ఆ తర్వాత కార్వేటినగరం పోయింది, చుట్టంగానే. మా నాయనకు కొత్త పంచె తీసుకుని.