నల్లరాయి తర్వాత వచ్చింది

సర్వే ఆఫీసులో నక్షలు గీయడం నా ఉద్యోగం. పొలాల హద్దులు, బండిబాటలు, వాగులు గీస్తూ గీస్తూ, ఈ హద్దులేవీ లేనప్పుడు నేల ఎట్లా ఉండేదో తెలుసుకోవాలన్న ఆశ పుట్టింది. భూగర్భశాస్త్రం నేను కాలేజీలో చదవలేదు. దొరికిన పుస్తకాలు తెచ్చుకుని, అర్థం కానివి మూడేసి సార్లు చదివి నేర్చుకున్నాను. నలభై అయిదు దాటాక, ఆసక్తి ఉన్నవాళ్లను వెంటబెట్టుకుని ఆదివారాలు రాయచూరు నుంచి గుట్టలకు నడకలు మొదలుపెట్టాను.

ఆఫీసులో నన్ను నాకంటే చిన్నవాళ్లు కూడా పేరు పెట్టే పిలుస్తారు. ఆ నడకల్లో జనం నన్ను "సార్" అన్నారు. నేను చెబుతుంటే పుస్తకాల్లో రాసుకున్నారు. అది నాకు ఎంత ఇష్టమైందో ముందే ఒప్పుకోవడం మంచిది.

మేం ఎక్కువగా పోయేది సిరవార దాటాక అరకేర వైపున్న ఒక గుట్టకు. బస్సు దిగి వరిమళ్ల గట్ల మీద కొంత దూరం నడవాలి. ఆ నడకనే నేను కాలంగా మార్చి చెప్పేవాణ్ణి. బస్సు దిగినచోటు ఇవాళ. అక్కడి నుంచి ఒక్కో అడుగూ కోటి ఏళ్లు వెనక్కి. మనిషి పుట్టి పెరిగిందంతా మొదటి అడుగులో, ఇంకా మడమ లేవకముందే అయిపోతుంది. ఏడో అడుగు పడేలోగా రాక్షసబల్లులు కనిపిస్తాయి. యాభై, అరవై అడుగులు దాటితే పెంకు ఉన్న పురుగు కూడా ఉండదు. ఆపైన ఇంచుమించు రెండు వందల అడుగులు ఉత్త నేల, నీళ్లు, కంటికి ఆనని నాచు. రెండు వందల యాభయ్యో అడుగు దగ్గర గుట్ట రాయి పుడుతుంది. అక్కడికి చేరేసరికి ఎంత మాటకారులైనా ఊరుకునేవాళ్లు.

ఆ గుట్ట తెల్లటి రాయి. దాని నడుమ కింది నుంచి పైదాకా గోడ కట్టినట్టు, లారీ పట్టేంత వెడల్పున ఒక నల్లరాతి చార ఉంది. నల్లది ముందు పుట్టిందనీ, అది పాత సముద్రం అడుగు అనీ, తెల్లరాయి తర్వాత కరిగి పైకి ఉబికి దాన్ని చీల్చిందనీ నేను చెప్పేవాణ్ణి. మా జిల్లాలోనే బంగారు గనులున్న వైపు నల్లరాళ్ల గురించి పుస్తకంలో అట్లా చదివాను. నల్లరాయి ఎక్కడున్నా ఒకటే అనుకున్నాను.

గుట్ట పాదం దగ్గర తాటాకు పందిరి కింద అరవై ఏళ్ల ఒక ఆడమనిషి కంచెకు పాతే రాతి కడీలు చెక్కుతూ ఉండేది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ గుట్టలోనే ఆమె పని. ఒక చలికాలం పొద్దున ఇరవై మందిమి ఆ చార ముందు నిలబడి ఉన్నాం. నేను చెప్పడం అయ్యాక ఆమె సుత్తి కింద పెట్టి లేచి వచ్చింది.

"గట్ల కాదు సారూ," అంది. "ముందుగాల తెల్లరాయే. నల్లది ఎన్క వొచ్చింది. అంచు మీద ఉలి పెడితే ఖణ్ అని ఎగుర్తది. నడుమల అట్ల కాదు, బరకగ ఉంటది. బెల్లం పాకం పల్లెంల వోస్తే అంచు జల్ది గట్టివడ్తది, నడుమ నిదానం. గిది గూడ తెల్లరాయి పగులుల వోసిన పాకమే."

ఆమె చెప్పింది వినడానికి నాకు క్షణం కూడా పట్టలేదు, ఎందుకంటే నేను వినలేదు. ఇరవై మంది నా వైపు చూస్తున్నారన్నది ఒక్కటే నా తలలో ఉంది. "గిదంత ఏ కాలేజీల చదివినవమ్మా?" అని నవ్వాను. నేను నవ్వాను కాబట్టి అందరూ నవ్వారు. ఆమె పందిరి కిందికి పోయి సుత్తి అందుకుంది.

ఆ పాకం మాట మాత్రం నన్ను వదల్లేదు. నెల తర్వాత ఎవరికీ చెప్పకుండా, భూతద్దం జేబులో వేసుకుని ఒక్కణ్ణే వెళ్లాను. ఆ రోజు ఆమె పనికి రాలేదు. రాలేదని ఊపిరి పీల్చుకున్నట్టు గుర్తు. అంచు దగ్గర నల్లరాయి పలక మాదిరి నున్నగా ఉంది, భూతద్దంలో కూడా రవ్వ కనబడలేదు. నడిమికి వస్తే రవ్వలు ఉప్పుగల్లులంత మెరుస్తున్నాయి. వేడి రాయి చల్లటి రాతిని తాకి అంచున ముందు గడ్డకట్టింది. అంతకంటే ఘోరం, ఆ నల్లరాతి లోపల పిడికిలంత తెల్లరాతి ముక్కలు కోసుగా ఇరుక్కుని ఉన్నాయి. లోపల ఇరుక్కున్నది ముందుదే అయి ఉండాలి. నా పుస్తకంలో మొదటి పాఠమే అది. పదిసార్లు అక్కడ నిలబడి చేత్తో చూపిస్తూ మాట్లాడాను, ఒక్కసారీ చూడలేదు.

ఆ రోజే దిద్దుకుని ఉంటే ఇది రాయాల్సిన పని లేకపోయేది. తర్వాత రెండు నడకలు చేశాను. రెండుసార్లూ నల్లది ముందు అనే చెప్పాను. పాతవాళ్లు కొందరు ప్రతిసారీ వస్తారు, మాట మారిస్తే ఆ పొద్దటి నవ్వు గుర్తుకొస్తుందని భయం. రెండోసారి ఆమె పందిరి కిందే ఉంది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే తగ్గింది. ఆమె తలెత్తి ఒకసారి చూసి, మళ్లీ పనిలో పడింది.

మాతో వచ్చేవాళ్లలో సింధనూరు నుంచి ఒక టీచరమ్మ ఉండేది. కాలువ నీళ్లొచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్న కుటుంబం. నేను దగ్గినా రాసుకునే మనిషి. తర్వాతి నడక వేరే గుట్టకు పోయినప్పుడు ఆమె నన్ను పక్కకు పిలిచింది. వాళ్ల స్కూలు పిల్లలతో నల్లచార ఉన్న గుట్ట గురించి చార్టు చేయించి ప్రదర్శనలో పెట్టిందట. చూడవచ్చిన కాలేజీ లెక్చరరు ఒకాయన తల్లిదండ్రులందరి ముందూ, పిల్లలకు తలకిందులుగా నేర్పారేంటమ్మా అన్నాడట. పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారట.

"ఎవరు చెప్పారని అడిగితే మీ పేరు ఎత్తలేదండి," అంది. "నేనే తప్పు విన్నానని చెప్పాను. నిజంగా అంతే అయ్యుంటుంది సార్. మీరు నల్లది తర్వాత అనే అన్నారేమో, నేనే తిరగేసి రాసుకున్నానేమో. సరిచేసుకుందామని అడుగుతున్నానండి."

ఆమె చేతిలో నోటుపుస్తకం తెరిచి ఉంది. నా మాటలే, తేదీ వేసి మరీ, గుండ్రటి అక్షరాల్లో. నేను ఆ పేజీ చూసి, "అయ్యుండొచ్చమ్మా," అన్నాను. ఆమె తలూపి ఆ వాక్యాన్ని పెన్నుతో కొట్టేసింది. సారీ సార్, అని కూడా అంది.

ఆ వారమంతా ఆఫీసులో గీత సరిగా పడలేదు. ఇంట్లో అడిగితే కళ్లు మంట అన్నాను. చివరికి ఒకనాడు సెలవు పెట్టి గుట్టకు పోయాను. రాళ్లు కొట్టే ఆమె నన్ను చూసి పక్కనున్న బండ మీది గోనెపట్టా సర్ది కూర్చోమంది. నువ్వు చెప్పిందే నిజం, నేను చెప్పింది తప్పు అన్నాను. చాలా రోజుల కిందే తెలిసిందని కూడా అన్నాను. ఆమె ఉలి మొన చూసుకుంది.

"తప్పు చెప్తివని నాకేం లేదు సారూ, అందరం చెప్తం. నవ్వినవు సూడు, గది బాగలేకుండె," అంది. ఆగి, "అందరి ముంగట నవ్వినవు, ఇప్పుడు ఒక్కనివే వొచ్చి చెప్తున్నవు," అంది.

కోపంగా అనలేదు. కడీ పొడవెంతుందో చెప్పినట్టు అంది. వచ్చే ఆదివారం అందరి ముందూ చెబుతాను, నా పక్కన నిలబడమని అడిగాను. తనకు పని ఉందని, కావాలంటే పందిరి కింది నుంచే వింటాననీ అంది.

వచ్చేవాళ్లందరికీ, టీచరమ్మకు ప్రత్యేకంగా, కబురు పెట్టాను. ఆ ఆదివారం పద్నాలుగు మంది వచ్చారు. చార ముందు నిలబడి, ఇన్నాళ్లూ తప్పు చెప్పాననీ, సరైన మాట చెప్పిన మనిషిని చూసి నవ్వాననీ చెప్పాను. ఆ నవ్వులో వాళ్లను కూడా కలుపుకున్నందుకు క్షమించమన్నాను. అంతసేపూ పందిరి కింద సుత్తి చప్పుడు ఆగి ఉంది. కాసేపటికి ఆమె తనే వచ్చి, అంచు మీద ఒకసారి, నడుమ ఒకసారి ఉలి కొట్టి ఆ చప్పుళ్ల తేడా వినిపించింది. జనం ఆమె చుట్టూ మూగారు. నేను వెనక నిలబడ్డాను.

టీచరమ్మ మాత్రం ముందుకు పోలేదు. నోటుపుస్తకం మూసి చంకలో పెట్టుకుని నన్ను చూసింది. తను తప్పు వినలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. తిట్టి ఉంటే బాగుండేది. తిరుగు బస్సులో ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి పొలాలు చూస్తూ పోయింది. రెండు రోజులకు ఫోనుకు ఒక్క ముక్క పంపింది: "చార్టు మార్చామండి. పిల్లలకు చెప్పాను." ఆ తర్వాత మళ్లీ రాలేదు. నేను రెండుసార్లు ఫోను చేసి, ఆరోగ్యం ఎట్లా ఉందని అడిగి పెట్టేశాను.

నడకలు ఇంకా సాగుతున్నాయి. చార దగ్గరికి రాగానే ఈ సంగతి చెబుతాను, రాళ్లు కొట్టే ఆమెను పిలుస్తాను, ఆమెకు తీరిక ఉంటే వచ్చి చూపిస్తుంది. చెప్పగా చెప్పగా నాకు అది అలవాటైంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ జనం నవ్వుతారో తెలిసింది. మొన్న ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, ఇంత వినయం ఈ రోజుల్లో ఎక్కడుంది సార్ అన్నాడు. నేను వద్దనలేదు. నక్ష గీసేటప్పుడు అనవసరమైన గీతలు చెరిపేసినట్టు, నిజం తెలిసీ రెండు నడకల్లో అబద్ధం చెప్పిన సంగతి ఆ కథలో నేను ఎత్తను. సింధనూరు టీచరమ్మ నోటుపుస్తకం పట్టుకుని అడిగిందీ, నేను "అయ్యుండొచ్చమ్మా" అన్నదీ ఆ గుట్ట ముందు ఇంతవరకు ఒక్కసారి కూడా చెప్పలేదు.