గంగాధరన్న మూసిన దారులు

జగిత్యాలలోని నా సెల్‌ఫోన్ దుకాణంలో పొద్దున్నే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కి, ఆ ఘాటు పొగ ముక్కుకు తగిలితే చాలు, గంగాధరన్న గుర్తుకొస్తాడు. కోరుట్ల బస్టాండు దగ్గర ఆయన రిపేరు దుకాణంలోనే నేను పని నేర్చుకున్నాను. ఆడవాళ్లు తమ ఫోను మగవాడి చేతికివ్వడానికి జంకుతారని నన్ను పెట్టుకున్నాడు. అంత ముందుచూపున్న మనిషికి కూడా నింద తప్పలేదు.

మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. అక్కడి నుంచి మామూలు వీడియో కాల్స్ సరిగా కలవవు. అందుకని రూమ్‌లో ఎవరో ఇచ్చిన ఊరూపేరూ లేని కాలింగ్ యాప్‌ను మొగుడు పంపిస్తాడు, అది అడిగినవాటన్నిటికీ పెళ్లాం 'సరే' నొక్కేస్తుంది. ఏ యాప్ చాటుగా ఎక్కడికి ఏం పంపుతోందో కనిపెట్టి ఆపే యాప్ ఒకటి గంగాధరన్న దగ్గర ఉండేది. ఒప్పుకున్నవాళ్ల ఫోన్లలో అది వేసి చూపేవాడు. మనకెందుకన్నా ఈ గోల అంటే నవ్వేవాడు.

"ఇంటికి తాళం ఏస్తం గద స్వరూపా, కిటికీలు తెర్సి పోతమా?"

ఒకసారి సుజాత అనే ఆవిడ ఫోను ఊరికే వేడెక్కుతోందని తెచ్చింది. భర్త మస్కట్‌లో ఉన్నాడు. అన్న ఆమెను అడిగి తన యాప్ వేసి, ఫోను బల్ల మీద పెట్టి మా ఇద్దరినీ చూడమన్నాడు. ఎవరూ ముట్టుకోకుండానే కాలింగ్ యాప్ ఆమె కాంటాక్టులు, ఆమె ఎక్కడుందన్న సంగతి ఎవరికో పంపుతూనే ఉంది.

"నా ఫోటోలు గూడ పోతున్నయా అన్నా?"

"పోతలేవని చెప్పలేను చెల్లె. ఆపుమంటే ఆపుత. గని గీ యాప్‌ల మీ ఆయన కాల్ రాదు. వేరేది ఏసిస్త, ఆయనను గూడ గదే ఏసుకొమ్మను."

"ఆపున్రి" అంది.

కొత్త యాప్ సంగతి భర్తకు చేరేలోపే, ఆ సాయంత్రం మస్కట్ కాల్ కలవలేదు. మరునాడు భర్త దుకాణానికే ఫోన్ చేశాడు. చేతిలో పని ఉండి అన్న స్పీకర్ పెట్టాడు. కౌంటర్ దగ్గర జనం ఉన్నారు.

"నా పెండ్లాం ఫోన్ల నీకేం పని?"

"ఫోన్ల ఏమున్నయో సూడలేదు తమ్మీ. గా యాప్ ఏం పంపుతుందో సూసిన."

"ఏం పోతున్నయో నీకెర్కయిందంటే అన్ని సూసినట్టే గద."

ఎంత చెప్పినా ఆ మాట దగ్గరే పట్టుబట్టాడు. భర్త సుజాతను అడిగితే, "నాకేమెర్క, గాయననే ఏదో చేసిండు" అందట. భయంతో అంది, నాకు తెలుసు. తెలిసినా క్షమించలేకపోయాను.

నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారు జనం. ఎక్కడో కూర్చుని నిజంగా దోచుకుంటున్నవాణ్ని ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. తలుపు మూసినవాడు దొంగయ్యాడు. ముందు ఆడవాళ్లు రావడం మానేశారు, తర్వాత మగవాళ్లూ. అన్న దుకాణం ఎత్తేసి సిరిసిల్లలో మరమగ్గం పనికి కుదిరాడు. నేను దుకాణం పెట్టుకున్నాక రమ్మని బతిమాలాను. "వద్దు స్వరూపా. నేనస్తే నీ దుకాణం గూడ పోతది" అన్నాడు.

మొన్న ఒకాయన వచ్చాడు. మస్కట్ నుంచి పూర్తిగా వచ్చేశాడట. ఏదో యాప్ తన నంబర్లన్నీ ఎవరికో పంపుతోందట, బంధువులందరికీ పిచ్చి మెసేజ్‌లు పోతున్నాయట. వెనకాల సుజాత నిలబడి ఉంది. నన్ను చూసి తల దించుకుంది. నేను ఆ యాప్‌ను పట్టుకుని ఆపేసి ఫోను చేతికిచ్చాను.

"మంచిగ చేసినవమ్మా. ఎవల తాన నేర్చుకున్నవ్?"

"కోరుట్ల గంగాధరన్న దగ్గర."

అతను ఫోను జేబులో వేసుకున్నాడు. "ఎవలో యాదికస్తలేడు" అన్నాడు.

అన్న అయితే ఆ మనిషిని కూర్చోబెట్టి చాయ్ తెప్పించేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నాను గానీ ఆ గుణం నాకు అబ్బలేదు.