బుర్ర జాగర్త

రాజాం దగ్గరి ఆ పాతకోటలో మొదట సిపాయిలుండేవారు, తర్వాత ఖైదీలు, ఆపైన బడిపిల్లలు, ఇప్పుడు గ్రామ సచివాలయం. ఎవరైనా పెద్ద తలుపులోని చిన్న దిడ్డిలోంచి నడుం వంచే రావాలి. ఆ పక్కనే చీపురు పట్టుకుని, బడి రోజులనుంచీ అటెండరు తవిటమ్మది ఒకటే కేక: “బుర్ర జాగర్త!” కొత్త ఆఫీసరు వినిపించుకోలేదు, నుదురు బొప్పి కట్టింది. “సెప్పినాను కదా బాబూ! సిపాయిల కాడినుంచీ అందరూ వంగే వస్తన్నారు,” అంటూ తవిటమ్మ చన్నీళ్ల చెంబు అద్దింది. మర్నాడే ఆయన పెద్ద తలుపులు బార్లా తెరిపించాడు. ఇక తన కేకతో పనేముందని ఆమె మొహం వేలాడేసుకుంది. అంతలో పాసుపుస్తకాలతో వచ్చిన రైతులు, ఏనుగు పట్టే ఆ గుమ్మంలో అలవాటుగా నడుం వంచి నడిచారు. వాళ్ల వెనకే బొప్పి తడుముకుంటూ ఆఫీసరూ వంగాడు. తవిటమ్మ చీపురెత్తింది. “బుర్ర జాగర్త, బాబూ!”