అక్క కింద, చెల్లె పైన

పోయిన వారం పటాన్‌చెరు నుంచి ఇస్నాపూర్ వెళ్లే షేర్ ఆటోలో డ్రైవర్ ఒక పాట పెట్టాడు. మొదటి వరుసలో సన్నటి గొంతు ఒక్కటే. రెండో వరుసలో దాని కిందినుంచి మరో గొంతు లేచింది, లోతుగా, వెచ్చగా. నా ఒళ్లు జలదరించింది. "వీళ్లు నాకు తెలుసు!" అని పక్కనున్న ముసలావిడ చేయి పట్టుకుని మరీ చెప్పాను. "గీళ్లు ఎవలకు తెల్వదు బిడ్డా?" అని నవ్వింది.

నేనెరిగిన తొలిరోజుల్లో వాళ్లు నిజంగానే ఎవరికీ తెలియదు. మా నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగానికని గోదావరి వైపు నుంచి వచ్చి చిట్కుల్‌లో కిరాయికి దిగినప్పుడు, పక్క వాటాలో సత్తెమ్మక్క, ఆమె చెల్లెలు మణెమ్మక్క ఉండేవారు. ఇద్దరిదీ కాజీపల్లి మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. ఆదివారం డాబా మీద బట్టలు ఆరేస్తూ పాడేవారు. చెల్లెలు పాటను పైన సాగిస్తే, అక్క అవే మాటలను కింది స్వరంలో, తనదైన వరుసలో పాడేది. విడివిడిగా నడిచిన గొంతులు చరణం చివర కలిసేవి. అలాంటి పాట నేనెన్నడూ వినలేదు. ఎవరు నేర్పారని అడిగాను.

"ఎవలు నేర్పుతరు? దానంత పైకి నా గొంతు అందది. పాడకుంట ఉండబుద్ధి కాదు. అందుకే నా తొవ్వ నేను దేవులాడుకున్న," అంది సత్తెమ్మక్క. తొవ్వంటే దారని, దేవులాడటమంటే వెతకటమని నాకు తర్వాత తెలిసింది.

నాది బొంగురు గొంతు. బడి ప్రార్థనలో పెదవులు మాత్రం కదపమని టీచరు చెప్పినప్పటి నుంచి పాడటమే మానేశాను. ఆ సంగతి చెబితే సత్తెమ్మక్క బకెట్ దించి, "ఏదీ, జెర పాడు," అంది. సిగ్గుతో చచ్చిపోతూ ఒక వరుస పాడాను. "మణెమ్మా, ఇన్నవా? నాకంటె కిందికి పోయింది పిల్ల!" అని చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం నేనూ డాబా మీదే.

వాళ్ల వీడియో ఒకటి ఫోన్లలో తిరిగి, సంగారెడ్డిలో స్టూడియో నడిపే ఒకాయన పిలిచాడు. ముగ్గురం వెళ్లాం. రెండు నిమిషాలు విని, "చిన్నామె గొంతు చాలు. పెద్దామెది బరువైతుంది," అన్నాడు. సత్తెమ్మక్క ముఖం వాడిపోయింది.

"నువ్వు పాడు చెల్లె. నేను బయట కూసుంట."

మణెమ్మక్క హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "సార్, ఒక్కసారి ఇద్దరం పాడేది మొత్తం ఇనుండ్రి. నచ్చకుంటే మేమే పోతం. అక్క లేని పాట నాకొద్దు."

ఆయన విసుగ్గానే ఒప్పుకున్నాడు. ఒకే మైకు ముందు ఇద్దరూ కలిసి ఊపిరి తీసుకున్నారు. రెండో చరణానికి ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. పాట అయ్యాక లేచి వెళ్లి, ఇంకో మైకు తెచ్చి సత్తెమ్మక్క ముందు నిలబెట్టాడు. అద్దం వెనక నేను గంతులేశాను!

ఆ పాట పెళ్లి బరాత్‌లలో మోగింది, షిఫ్టు బస్సుల్లో మోగింది. ఏడాది తిరక్కుండా ఇద్దరూ ప్యాకింగ్ పని మానేశారు. హత్నూర నుంచి సంగారెడ్డి దాకా వాళ్లు ఎక్కని వేదిక లేదు. మా బస్తీలో ఆడపిల్లలు జట్లు కట్టి, నువ్వు పైన, నేను కింద అని పంచుకుని పాడసాగారు.

నేనిప్పుడు మా కాలనీ ఆడవాళ్లతో కలిసి పాడుతున్నాను. పదకొండు మందిమి. ఈమధ్య ఒక టీవీ ఛానెల్ వాళ్లు ఫోన్ చేసి, వయసులో ఉన్న నలుగురిని మాత్రం పంపమన్నారు. బల్ల మీద హెడ్‌ఫోన్లు పెట్టిన మణెమ్మక్క కళ్లముందు మెదిలింది. "వస్తే అందరం వస్తామండీ. లేకపోతే ఎవరం రాం," అన్నాను. అటువైపు ఎవరితోనో మాట్లాడుకుని మళ్లీ లైన్లోకి వచ్చారు.

పదకొండు మందిమీ వెళ్లాం.