పెద్దూరాయన

అంగారక గ్రహం ఫొటోల్లో గోతులను గుర్తించే ఆఫీసులో ఆయన్ని అందరూ ‘పెద్దూరాయన’ అంటారు. మీదే ఊరని ఎవరడిగినా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, రెండు చేతులూ బార్లా చాపి, “చాలా పెద్ద ఊరండీ!” అంటాడు. నిజానికి ఉన్నవి నాలుగు వీధులు. సొంత ఊరి మాటకొస్తే గోరంతను కొండంత చెయ్యకుండా ఉండలేడు. ఒకరోజు ఆయన చూస్తున్న ఫొటోలో ఇంతవరకూ పేరులేని గొయ్యి ఒకటి కనిపించింది. దానికి తన ఊరి పేరు పెట్టమని పరుగున వెళ్లి అడిగాడు. “పెట్టొచ్చు. కానీ ఇలాంటి గోతులకి చిన్న ఊళ్ల పేర్లే పెట్టాలని నియమం. మీది పెద్ద ఊరు కదా!” అన్నాడు పై అధికారి. చాపబోయిన చేతులు ముడుచుకున్నాయి. “అబ్బే, పిడికెడు ఊరండీ. బస్సు కూడా ఆగదు,” అన్నాడు పెద్దూరాయన, నలుగురూ వింటుండగానే.

పేరు ఖాయమైన రోజు అక్కకి ఫోన్ చేశాడు. “అక్కా, మన ఊరి పేరు అంగారకుడి మీదికెక్కింది! చిన్న ఊరని ఒప్పుకుంటే గానీ పెట్టలేదనుకో.” అక్క గాభరాగా అడిగింది: “ఊళ్లో జనం పెరిగితే మళ్లీ తీసేస్తారా ఏంట్రా?” “తియ్యరులే. ఎందుకలా అడిగావు?” “ఏం లేదు, నీ మేనకోడలికి కవలలట.”